కథానాయకుడు ఏం పని చేస్తాడు?

పెళ్ళిచూపుల్లో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని. రెండో ప్రశ్న "ఎంతొస్తుందేమిటి?" అని. రెండోదానికి జవాబు బాగుంటే మొదటిదానికి వచ్చిన జవాబు ఎవరికీ గుర్తుండదు. బాంకులో అన్నారో, బీమా కంపెనీలో అన్నారో ఇంటికొచ్చాక పెద్దవాళ్ళు తడుముకుంటారు. అంకె మాత్రం పైసలతో సహా చెబుతారు.

మన నవలలు చాలావరకు ఆ పెళ్ళిపెద్దల్లాగే నడుచుకుంటాయి. నాయకుడు ఇంజనీరంటారు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కారియరు పుచ్చుకుని బయల్దేరతాడు. రచయిత అతనితో ఆఫీసు గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయి, సాయంత్రం ఐదింటికి మళ్ళీ అందుకుంటాడు. మధ్యలో ఎనిమిది గంటలు ఏమైనట్టు? ఆయన వంతెన కట్టాడా? కట్టింది నిలిచిందా? సిమెంటులో ఇసక ఎక్కువ కలపమని ఎవరైనా చెవిలో వూదితే ఏమన్నాడు? ఆ సంగతులేవీ మనకి తెలియవు. మరదల్ని చేసుకుంటాడా, మేనేజరుగారి అమ్మాయిని చేసుకుంటాడా అన్నది మాత్రం మూడు వందల పేజీల పొడుగునా తెలుస్తూనే వుంటుంది.

మెలకువగా వున్న కాలంలో సగం పనిలోనే గడిపే జాతి మనది. ఆ సగాన్ని గుమ్మం బయట వదిలేసి, మిగిలిన సగంతో మనిషిని పూర్తిగా చూపించామనుకోవడం కాస్త సాహసమే.

అయితే అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిన రచయితలూ మనకి వున్నారు. వాళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే, మనిషికి తన పనిలో అర్థం ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ ఎంత వెతికినా దొరకదు అన్న ప్రశ్నకి మంచి జవాబులే కనిపిస్తాయి.

ముందు మాటల సంగతి చూద్దాం. భారతంలో ఐదోది ఉద్యోగపర్వం. అందులో నెల జీతం పుచ్చుకున్నవాడు ఎవడూ కనిపించడు. అక్కడ ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం, ఒక పనికి నడుం కట్టడం. అంత పెద్ద మాట నడిచి నడిచి చివరికి ఒకటో తారీఖు దగ్గర చతికిలబడింది. నౌకరీ, చాకిరీ అనేవి పారసీ వైపునుంచి వచ్చాయి. వాటిలో చాకిరీ మన గడ్డమీద అడుగు పెట్టగానే వెట్టితో చెయ్యి కలిపింది. 'వృత్తి' మంచి మాటే కానీ దాని ముందు 'కుల' అన్న రెండక్షరాలు ఎప్పుడూ కావలి కాస్తూనే వచ్చాయి. "ఇది నా పని, ఇది చెయ్యకపోతే నాకు తోచదు" అన్న భావానికి మన ఆఫీసుల్లో మాట దొరకదు. పల్లెలో దొరుకుతుంది. "పనిమంతుడు" అంటారు, "చెయ్యి తిరిగినవాడు" అంటారు. సాహిత్యంలో మనం వెతకవలసింది ఆ చెయ్యి తిరిగినవాణ్ణి.

వెతుకుదామని బయల్దేరితే ముందుగా ఎదురొచ్చేది, చెప్పొద్దూ, గిరీశం! 'కన్యాశుల్కం' 1897లో ఒకసారి, తిరగరాసిన రూపంలో 1909లో మరోసారి అచ్చయింది. ఇన్నేళ్ళలో తెలుగువాళ్ళకి గిరీశమంత దగ్గర చుట్టం ఇంకొకడు పుట్టలేదు. ఆయనకి లేనిదేమిటి? చదువుంది, సమయస్ఫూర్తి వుంది, ఏ ఎండకా గొడుగు పట్టే నేర్పుంది. లేనిదల్లా ఒక్కటే. సాయంత్రానికి "ఇదిగో, ఇది నేను చేశాను" అని చూపించడానికి ఏమీ లేదు. ఆయన సరుకంతా నోట్లోనే పుట్టి నోట్లోనే అయిపోతుంది.

ఆ వంశాన్ని మరో మెట్టు ఎక్కించినవాడు ముళ్ళపూడి వెంకటరమణగారి 'ఋణానందలహరి'లో అప్పారావు. అప్పు చెయ్యడం ఇతగాడికి అవసరం కాదు, ఒక విద్య. ఎవర్ని అడగాలి, ఎప్పుడు అడగాలి, ఎంత దగ్గర ఆగాలి అన్నదంతా ఆ విద్యలో భాగం. రమణగారి హాస్యం ఎక్కడ పండిందో కాస్త ఆగి చూడండి. సంగీత విద్వాంసుడికి, శిల్పికి మనం వాడే నిష్ఠ, సాధన, అంకితభావం వంటి మాటలన్నిటినీ తీసుకెళ్ళి ఆయన చేబదులుకి తొడిగారు. అవి అతికినట్టు సరిపోయాయి! నవ్వుకున్న తరవాత ఒక సంగతి తడుతుంది. నైపుణ్యం, శ్రద్ధ వున్నంత మాత్రాన పనికి అర్థం రాదు. అవి అప్పారావుకీ వున్నాయి. పని అయ్యాక లోకంలో ఏదో ఒకటి మిగలాలి. అప్పారావు పని అయ్యాక లోకంలో మిగిలేది అప్పిచ్చినవాడి నిట్టూర్పు ఒక్కటే.

ఇహ దీనికి తలకిందులుగా, పని వుండి మనిషి లేని చోటు చూడాలంటే రావిశాస్త్రిగారి దగ్గరికి వెళ్ళాలి. 1950ల నాటి నవల 'అల్పజీవి'లో సుబ్బయ్య విశాఖపట్నంలో గుమాస్తా. అతనికి ఆఫీసంటే భయం, బావమరిదంటే భయం, అప్పిచ్చిన కంట్రాక్టరంటే భయం. మన విమర్శకులు సుబ్బయ్య పిరికితనాన్ని గురించి, అతని మనసు పొరల గురించి చాలా రాశారు. అతని పనిని గురించి రాసినట్టు తోచదు. కానీ నాకు ఆ భయంలో పనికి కూడా వాటా వుందనిపిస్తుంది. తన చేతిమీదుగా పోయే కాగితం ఎక్కడ పుట్టిందో, ఎక్కడికి వెళుతుందో, దానివల్ల ఎవరికి మేలో ఎవరికి కీడో తెలియకుండా రోజూ అదే కాగితాన్ని ముందుకి తోసేవాడికి నిలబడడానికి నేల ఏది? వడ్రంగిని ఎవరైనా తిడితే, కనీసం తను చేసిన తలుపువంక చూసుకుంటాడు. సుబ్బయ్య దేనివంక చూసుకోవాలి?

రావిశాస్త్రిగారు స్వయంగా వకీలు. కాబట్టి కోర్టు గుమ్మం బయట నిలబడి రాయవలసిన అవసరం ఆయనకి లేకపోయింది. 'ఆరు సారా కథలు'లో పోలీసులు తమ పని తాము చేస్తారు, ప్లీడర్లు తమ పని తాము చేస్తారు, సాక్షులు కూడా సాక్ష్యం చెప్పడమనే పని చేస్తారు. అందరూ ఎవరి పని వారు చేస్తూనే వుంటారు. న్యాయం మాత్రం ఎవరి పనీ కాదు! ఉద్యోగధర్మం అన్న మాట మీద అంత పదునైన విమర్శ తెలుగులో మరొకటి కనపడదు.

ఇంతవరకూ లేనివాళ్ళ సంగతే చెప్పుకొచ్చాను. వున్నవాళ్ళు కావాలంటే పెద్దాపురం వెళ్ళాలి. తీసుకెళ్ళేవారు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు.

పెద్దాపురం కోట చుట్టూ శాస్త్రిగారు అల్లిన కథల్లో 'గులాబీ అత్తరు', 'వడ్లగింజలు' రెండూ అందరికీ తెలిసినవే. ఒకదాంట్లో దూరదేశం నుంచి అత్తరుతో వచ్చినవాడు. ఇంకొకదాంట్లో చదరంగం ఆడడంలో చెయ్యి తిరిగిన బ్రాహ్మడు, తంగిరాల శంకరప్ప. మతం వేరు, విద్య వేరు, భాష వేరు. కానీ ఇద్దరూ వచ్చి నిలబడ్డ చోటు ఒకటే. అది కోట గుమ్మం. లోపల ప్రభువుకి విద్య తెలుసు. బయట వున్నవాడికి విద్య వుంది. మధ్యన వున్న దివాణం అధికారులకి తెలిసిందల్లా తమ వాటా ఎంత అన్నదే.

అత్తరు చెయ్యడమంటే ఏమిటో కాస్త తెలిస్తే ఆ కథ బరువు ఇంకా బాగా తెలుస్తుంది. ఇప్పటికీ ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పాత పద్ధతిలో తీస్తున్నారు. గులాబీలని ఎండ ముదరకముందే కోయాలి. ఎండెక్కిన పువ్వులో వాసన నిలవదు. రాగి డేగిసాలో పూలూ నీళ్ళూ పోసి, మూతచుట్టూ మట్టితో మెత్తి, సన్నని సెగమీద పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్ళి, నీళ్ళలో వుంచిన ఇంకో రాగి పాత్రలో చల్లబడుతుంది. అందులో చందనం నూనె వుంటే పరిమళాన్ని అది పట్టి వుంచుతుంది. సెగ ఎక్కువైతే పువ్వు మాడిన వాసన, తక్కువైతే ఆవిరే రాదు. సరిపోయిందో లేదో చెప్పేది పనివాడి చెయ్యీ, ముక్కూ. అసలైన గులాబీ నూనె ఒక్క కిలో రావాలంటే పూలు వేల కిలోలు కావాలి. అంటే ఆ బుడ్డిలో వున్నది సరుకు కాదు. ఎన్నో తెల్లవారుజాములు కలిసి ఒక్క బుడ్డిలో చేరాయి.

అలాంటి బుడ్డి పట్టుకుని వచ్చినవాణ్ణి పట్టుకుని, "నాకేమిస్తావు?" అని అడుగుతారు. శాస్త్రిగారి కథనమంతా సంభాషణల మీద నడుస్తుందని మీకు తెలుసు. ఆ సంభాషణలో ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారో గమనించండి. ఒకడిది గుణం భాష, ఒకడిది ధర భాష. ఇద్దరూ ఒకే వస్తువుని గురించి మాట్లాడుతున్నా వాళ్ళకి ఒక్క ముక్క కలవదు. చివరికి ఏమవుతుందో నేను చెప్పను. ఆ కథ ముగింపు ముందే చెప్పడం అత్తరు బుడ్డి మూత తీసి కిటికీలో పెట్టడం లాంటిది. చదవనివాళ్ళు చదువుకోండి.

'వడ్లగింజలు' లెక్క మాత్రం చెప్పవచ్చు. పేరులోనే వుంది కనక. చదరంగం బల్లకి 64 గళ్ళు. మొదటి గడిలో ఒక్క గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోవాలి. పదో గడికి 512 గింజలు. అప్పటిదాకా పోసినవన్నీ కలిపినా పిడికెడు. "ఇంతేనా?" అనేవాడు అక్కడే అనేసి లేచిపోతాడు. ఇరవయ్యో గడిలో 5,24,288. అరవై నాలుగూ నిండేసరికి మొత్తం 1,84,467 కోట్ల కోట్ల పైచిలుకు. ఏ ప్రభువు గాదెలూ చాలవు.

ఈ లెక్క పాతదే. దేశదేశాల్లో చెప్పుకునేదే. శాస్త్రిగారు దాన్ని ఒక చదరంగం ఆటగాడి చేతిలో పెట్టడంలో నాకు ఇంకో అర్థం కూడా కనిపిస్తుంది. సాధన లెక్క కూడా ఇదే. మొదటి పది గళ్ళలో చూసేవాళ్ళకి ఏమీ కనపడదు. కన్నవాళ్ళకీ కనపడదు. "ఇన్నేళ్ళు చేసి ఏం సంపాదించావు?" అని అడిగేవాళ్ళందరూ పదో గడి దగ్గర నిలబడి అడుగుతున్నవాళ్ళే. తన పనిని తనదనుకున్నవాడికి మాత్రం, మిగిలిన గళ్ళు అక్కడ వున్నాయని తెలుసు.

అలాగని ఈ కథల్లో లోపం లేదని నేననను. అధికారులందరూ చెడ్డవాళ్ళు, ప్రభువొక్కడూ రసజ్ఞుడు అనే ఏర్పాటు కాస్త సుఖమైన ఏర్పాటు. రోజూ మనం చూసే లోకంలో ఠాణేదారుని దాటి లోపలికి వెళితే అక్కడ ఇంకో పెద్ద ఠాణేదారు కూర్చుని వుంటాడు. పైగా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ప్రభువు వాసన చూడకపోతే ఆ అత్తరుకి అర్థం లేదా? మెప్పు దొరకనివాడి పని వ్యర్థమేనా?

ఆ ప్రశ్నకి జవాబు శాస్త్రిగారి కథల్లో కన్నా ఆయన జీవితంలో బాగా దొరుకుతుంది. 'అనుభవాలూ–జ్ఞాపకాలూనూ' చదివినవాళ్ళకి తెలుసు. తూర్పుగోదావరిలో పొలమూరు. వేదం, శ్రౌతం, సంస్కృతం తప్ప మరో విద్యని విద్యగా లెక్కపెట్టని ఇల్లు. అలాంటి ఇంట్లో 1891లో పుట్టిన పిల్లవాడికి తెలుగు మీద మనసైంది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో అది దారి తప్పడం. సంస్కృతం చదువుకున్నవాడు తెలుగులో రాయడమేమిటని వాళ్ళ బాధ. ఆ బాధని శాస్త్రిగారు వెక్కిరించలేదు. ఆ పుస్తకం గొప్పతనం అదే. పెద్దవాళ్ళ ప్రేమా నిజమే, తన పట్టూ నిజమే అన్నట్టు రాశారు. రెండు నిజాల మధ్య నలుగుతూ, తెలుగుని మాత్రం వదల్లేదు. అందులోనూ పద్యాల దగ్గర ఆగకుండా ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగుని పట్టుకుని కథలు రాశారు. 'ప్రబుద్ధాంధ్ర' పత్రిక నడిపారు. 1956లో ఆయనకి కనకాభిషేకం చేశారు. అప్పటికి ఆయనకి 65 ఏళ్ళు. కథల్లో మొదటి గింజ పోసినప్పుడు కనకం మాట ఎవరూ ఎత్తలేదు. గుమ్మం తెరుచుకునేదాకా అత్తరు చెయ్యకుండా కూర్చుని వుంటే, తెరుచుకున్ననాడు చేతిలో ఏముండేది?

కాబట్టి మెప్పు అవసరమే. ఎవరూ వాసన చూడని అత్తరు తయారుచేసినవాణ్ణి కుంగదీస్తుంది. కానీ పని అర్థం అంతకు ముందే, సెగ సరిచూసుకుంటున్నప్పుడే తయారై వుంటుంది. ఎవరూ చూడనప్పుడు కూడా తగ్గించడానికి మనసొప్పని ఒక కొలత పనివాడి లోపల వుంటుంది. అది వున్నవాడే పనిమంతుడు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం ఏ కంపెనీ యజమాని అయినా గోడకి తగిలించుకోవచ్చు. "పనిని ప్రేమించండి, జీతం సంగతి తరవాత" అని. అందుకని ఇంకో రెండు రచనలు కూడా పక్కన పెట్టుకోవాలి.

ఒకటి జాషువాగారి 'గబ్బిలం', 1941. అందులో కథానాయకుడికి పని లేక కాదు బాధ. దేశానికి పంట పండేది అతని రెక్కల కష్టంమీద, నడిచే కాళ్ళకి చెప్పులు అతని చేతిమీద. పనితనానికీ లోటు లేదు. అయినా అతని మొర వినేవాడు లేక గబ్బిలంతో కబురు పంపుకోవలసి వచ్చింది. మన దేశంలో "ఎవరి పని వారికి దైవం" అన్న మాట చాలామందికి ధైర్యంగా కాక, సంకెలగా వినపడిందంటే తప్పు విన్నవాళ్ళది కాదు. పుట్టకముందే ఇంకొకడు నిర్ణయించిన పనిని, "నీ జన్మకి ఇదే పరమార్థం" అనడం పెద్ద మోసం. అత్తరు చేసినవాడికి గుమ్మం ఒక్క కోటకే అడ్డంగా వుంది. ఇతనికి వీధి వీధికీ గుమ్మమే.

రెండోది పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే'. ఇల్లు అలకడంలో, సర్దుకోవడంలో, అందంగా పెట్టుకోవడంలో నిజంగానే శ్రద్ధ, కళ రెండూ వున్న ఇల్లాలు, ఒకరోజు తన పేరు మరిచిపోతుంది. పనిమనిషికి ఆవిడ అమ్మగారు, పిల్లలకి అమ్మ. పేరు ఎవరికీ అక్కర్లేదు. చివరికి పాత స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే గాని దొరకదు. ఎంత నవ్వించే కథో అంత భయపెట్టే కథ. చేసేవాళ్ళ పేరు మింగేసే పనిని ఎంత ప్రేమగా చేసినా అది కడుపు నిండని రాక్షసిలా ఇంకా ఇంకా అడుగుతూనే వుంటుంది. ఆ ఇల్లాలు ఇల్లు వదిలి పారిపోదు సుమండీ. పేరు వెతుక్కుని తెచ్చుకుంటుంది. పనిలో మనిషి మిగలాలంటే ముందు మనిషికి పేరు మిగలాలి.

ఇప్పటి పిల్లలు "ప్యాషన్" అన్న మాట తరచు వాడుతున్నారు. "నా ప్యాషన్ ఏమిటో ఇంకా తెలుసుకోలేదు అంకుల్" అంటారు, అదేదో ఇంట్లో ఎక్కడో పెట్టి మరిచిపోయిన తాళంచెవి అయినట్టు. ఉద్యోగంలో చేరగానే దొరకకపోతే ఉద్యోగం మారుస్తారు. అక్కడా దొరకకపోతే ఇంకోటి. వాళ్ళని తప్పుపట్టను. సుబ్బయ్యలా జీవితమంతా కాగితం తోస్తూ భయపడడం కంటే వెతకడం నయం. కానీ నే చెప్పిన ఈ పుస్తకాల్లో ఎవరికీ పని మీద మనసు ముందు పుట్టి, పని తరవాత రాలేదు. చేస్తూ చేస్తూ వుండగా చెయ్యి తిరిగింది. చెయ్యి తిరిగాక మనసు వచ్చింది. మనసొచ్చాక ఇంక వదలడం చాతకాలేదు. చెయ్యి తిరగనివ్వని పనైతే, చేసేవాడి పేరు వుండనివ్వని పనైతే, వదిలేసి రావడమే పౌరుషం. తిరగనిచ్చే పనైతే పదో గడి దగ్గర లేచిపోకండి.

ఇహ నా ఫిర్యాదు రచయితలతో. నర్సు రాత్రి డ్యూటీలో ఏ మంచం దగ్గర ఎందుకు ఆగుతుందో, మగ్గంమీద పడుగు పోగు తెగితే నేతగాడు ఎలా అతుకుతాడో, కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి అర్ధరాత్రి ఒక తప్పు పట్టుకున్నప్పుడు ఏమనుకుంటుందో మన కథలు ఎప్పుడు చెబుతాయి? ఆ నర్సూ ఆ నేతగాడూ ఆ అమ్మాయీ ఈ పేజీ చదువుతూ వుంటే, రచయితలకోసం ఎదురుచూడకండి. కథ అల్లడం రాకపోయినా ఫరవాలేదు. మీరు నిన్న చేసిన పని, చేసింది చేసినట్టు నాలుగు పేజీలు రాయండి. గుమ్మం లోపల వున్నవాళ్ళు మీరే కదా.